ఎండ ఐసు

నా జీవితంలో బేరం కుదరకుండానే కొన్న వస్తువు ఒక్కటే ఉంది. అది కంటికి కనిపించదు. తక్కెడలో పెడితే తూగదు. పక్కింటివాడి దాన్నీ నా దాన్నీ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే దేవుడు కూడా చెప్పలేడు. అలాంటి దానికి మామూలు రేటు మీద ఇంకొంత పైన ఇస్తానని నేనే దరఖాస్తు పెట్టుకుని, నేనే సంతకం చేసి వచ్చాను. మా నాన్న ఉండి ఈ సంగతి విని ఉంటే, గల్లాపెట్టె ముందు కూర్చున్నచోటే కూర్చుని, కళ్ళజోడు తీసి, పంచె కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఈ మనిషి నా కొడుకేనా అని ఒకసారి ఎగాదిగా చూసి ఉండేవాడు.

మాది వన్‌టౌన్‌లో కొట్ల కుటుంబం. నాన్నది కిరాణా, పెదనాన్నది బట్టలు, మేనమామది ఇనప సామాను. నేను నడక నేర్చింది బియ్యం బస్తాల మధ్య సందుల్లో. అక్కడ మాకు తెలిసిన ధర్మం ఒక్కటే, కొసరు. కొన్నవాడు కొసరు అడగాలి. అమ్మినవాడు విసుక్కుని, మొహం పక్కకి తిప్పుకుని, చివరికి చిటికెడు వెయ్యాలి. పావుకిలో చింతపండుకి రెండు రెబ్బలు, అరకిలో బెల్లానికి గోరంత ముక్క. ఆ చిటికెడు పడితేనే బేరం ముగిసినట్టు. నేను రెండు వైపులా ఆరితేరినవాణ్ణి. అమ్మేటప్పుడు నేను వేసే కొసరు సగం వేళ్ళ సందుల్లోంచి తిరిగి డబ్బాలోకే జారిపోయేది. కొనేటప్పుడు మాత్రం దోసిలి పట్టేవాణ్ణి. పెళ్ళిచూపుల్లో మైసూరుపాకు తిని ఇంకోటి కొసరు అడిగానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అడగలేదు. పళ్ళెం వైపు చూశానంతే.

కొట్లలోంచి ఐసు ఫ్యాక్టరీలోకి వచ్చి పడడం కూడా బేరం వల్లే. ఫిషింగ్ హార్బరు దగ్గర పాత ఐసు ఫ్యాక్టరీ ఒకటి అమ్మకానికి వచ్చిందంటే, కొనే ఉద్దేశం ఏమాత్రం లేకుండా, ఊరికే ఆడి చూద్దామని వెళ్ళాను. గోడల చెమ్మకి ఇంత, కంప్రెసరు చప్పుడికి ఇంత, అమ్మోనియా వాసనకి ఇంత అని నేను తగ్గించుకుంటూ పోయాను. దాని ముసలి యజమాని తలూపుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగి, సరే, తీసుకోండి అన్నాడు. ఎదుటివాడు సరే అంటే ఏం చెయ్యాలో మా ఇంట్లో నాకెవరూ నేర్పలేదు. కొనేశాను.

కొన్నాక తెలిసింది, నేను కొన్నది ఒక కల అని. పొద్దున్నే ఫ్యాక్టరీలోకి అడుగుపెడితే బయటి లోకం తలుపు దగ్గరే చెప్పులు విడిచినట్టు ఆగిపోయేది. చెక్కమూతల కింద పెద్ద ఉప్పునీళ్ళ తొట్టి. అందులో వరసగా దించిన రేకు డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్ళు. ఉప్పునీళ్ళు తాము గడ్డకట్టకుండానే చల్లబడుతూ, తమ మధ్యనున్న మంచినీళ్ళని గడ్డకట్టిస్తాయి. ఒక్క మూత ఎత్తితే చలి పొగలా పైకి లేచి మోకాళ్ళదాకా కమ్ముకుంటుంది. బయట చేపల వేలం కేకలు, కాకుల గోల, డీజిల్ వాసన. లోపల నీళ్ళు నెమ్మదిగా రాయి అవుతున్న మౌనం. కంప్రెసరు హోరు ఉండేది నిజమే, కానీ కొన్నాళ్ళకి ఆ హోరే మౌనమైపోయింది. డబ్బాని మామూలు నీళ్ళలో ఒకసారి ముంచితే ఐసు దిమ్మ జారి బయటికి వస్తుంది, పొద్దున్నే కల ఇంకా కళ్ళలో ఉన్న మనిషి పక్కమీంచి లేచినట్టు. అంచులన్నీ గాజు. మధ్యలో మాత్రం తెల్లగా, పాలమబ్బులా ఒక పొర. అన్నిటికన్నా ఆఖరున గడ్డకట్టేది ఆ నడిమి భాగమే. నీళ్ళలోని గాలి బుడగలన్నీ అక్కడికి చేరి ఇరుక్కుంటాయి. ఆ మబ్బు వైపు చూస్తూ ఎన్ని పొద్దులు నిలబడ్డానో. అదే మబ్బు తర్వాత నా మీదికి వస్తుందని అనుకోలేదు.

ఐసులో ఉండేది ఏముంది? నీళ్ళు, కరెంటు. నీళ్ళది పెద్ద లెక్క కాదు. అంటే నేను అమ్ముతున్నది కరెంటే, చల్లబరిచి అమ్ముతున్నాను. ఈ మాట నేను గొప్పగా అనుకునేవాణ్ణి. మా ఆవిడ దీన్ని ఇంకోలా విన్నది.

ఆవిడది పరవాడ వైపు పల్లె. వాళ్ళన్న ఇప్పటికీ అక్కడే కూరగాయలు పండిస్తాడు. వాళ్ళ చేను గట్టు మీద నిలబడితే బొగ్గుతో కరెంటు తయారుచేసే చోటి పొగగొట్టాలు కనిపిస్తాయి. మేముండేది పెందుర్తిలో. మా మేడ మీద బట్టలు ఆరేసే ముందు ఆవిడ తీగని ఈ కొస నుంచి ఆ కొసదాకా అరచేత్తో తుడుస్తుంది. తుడిచి అరచెయ్యి చూసుకుంటుంది. కాపురానికి వచ్చిన మొదటిరోజు నుంచీ అంతే. పుట్టింట్లో అలవాటైన పని. ఇక్కడ ఆ చేతికి అంటేది బూడిదో, రోడ్డు దుమ్మో నాకు తెలియదు. అడిగితే, ఆవిడ చెయ్యి కడుక్కుని కిందికి వెళ్ళిపోయేది.

ఒక నెల కరెంటు బిల్లుతో పాటు ఒక కాగితం వచ్చింది. ఎవరికైనా ఇష్టమైతే తమ కరెంటుని ఎండ నుంచీ గాలి నుంచీ వచ్చినదిగా కొనుక్కోవచ్చు, దానికి యూనిట్టుకి కొంచెం పైన ఇవ్వాలి అని. నేను ఒకసారి చూసి, పొట్లాలకి పనికొచ్చే కాగితమని పక్కన పెట్టాను. ఆవిడ దాన్ని ఉప్పు జాడీ కింద నాలుగురోజులు ఉంచింది. ఐదోరోజు నేను టిఫిను తింటుంటే తీసి నా కంచం పక్కన పెట్టింది.

"మా అన్న వంకాయ తోటకి రెండుసార్లు నీళ్ళెడతాడు. ఒకపాలి మొక్కకి, ఒకపాలి ఆకులు కడగడానికి" అంది. "మనం ఐసు సేత్తన్న కరెంటు ఆ పొగలోంచే గదండీ వస్తంది. ఇన్నేళ్ళలో నాను మిమ్మల్ని ఏటీ అడగలేదు. ఇది అడుగుతన్నాను."

నేను అలవాటు కొద్దీ మొదలుపెట్టాను. మొత్తం ఎందుకు, ఇంటి మీటరుకి పెడదాం, ఫ్యాక్టరీకి తర్వాత చూద్దాం అన్నాను. ఆవిడ నా కంచం తీసింది. సరే, ఫ్యాక్టరీకి కూడా సగానికి పెడదాం అన్నాను. ఆవిడ కాఫీ తెచ్చి పెట్టింది. ఆవిడతో చిక్కే అది. బేరం ఆడదు. ఎదుటివాడు ఆడకపోతే బేరం ఒంటిచేత్తో చప్పట్లు కొట్టబోయినట్టు ఉంటుంది. కాఫీ అయ్యేలోపల మొత్తానికీ ఒప్పుకున్నాను. మాట ఇస్తున్నాను, ఎవరు ఏమన్నా ఏడాదిపాటు మానను అని కూడా అన్నాను. ఆ ఆఖరి ముక్క ఎవరూ అడగలేదు. అదే నేను ఆవిడకి వేసిన కొసరు.

కరెంటు ఆఫీసులో ఇంజనీరమ్మ ఒకావిడ నా దరఖాస్తు చూసి ఆశ్చర్యపోయింది. ఇలాంటివి పెద్ద కంపెనీలవాళ్ళు పెడతారు, ఐసు ఫ్యాక్టరీ నుంచి ఎవరూ రాలేదంది. నేను కుర్చీ లాక్కుని, శాంపులు ఏమైనా చూపిస్తారా అని అడిగాను. ఆవిడ నవ్వలేదు, అందుకే ఆవిడంటే నాకు గౌరవం. మీ తీగలోకి వచ్చేది అందరికీ వచ్చేదేనండీ, తేడా ఏమీ ఉండదు అంది. మరి నేను కొంటున్నదేమిటని అడిగాను.

ఆవిడ కలం పక్కన పెట్టి నిదానంగా చెప్పింది. ఊరంతటికీ బావి ఒకటే అనుకోమంది. మీరు ఎన్ని చేదలు తోడుకుంటే అన్ని చేదల ఎండ కరెంటు, గాలి కరెంటు మీ లెక్కన తెచ్చి ఆ బావిలో పోస్తాం. మీ చేదలోకి ఏ నీళ్ళు వచ్చాయో ఎవరూ చెప్పలేరు. కానీ బావిలో ఆ మేరకు బొగ్గుది తగ్గుతుంది. అంతే.

నాకు విషయం అర్థమైంది, అందుకే ఇంకా గాభరా పుట్టింది. ఏడాది మొత్తానికి తీసుకుంటే పైన ఏమైనా తగ్గిస్తారా అన్నాను. లేదంది. పోనీ కొసరు? ఆవిడ దరఖాస్తు నా వైపు జరిపి, ఇక్కడ కొసరు మీరే ఇస్తున్నారండీ అంది. కొన్నవాడే కొసరు వేసే కొట్టు ఒకటి ఉంటుందని నేను ఆనాటిదాకా వినలేదు. సంతకం చేశాను. ఎప్పుడైనా వద్దనుకుంటే ఒక ఉత్తరం రాసిస్తే చాలని ఆవిడ చెప్పింది. ఆ మాట మాత్రం జాగ్రత్తగా జేబులో వేసుకున్నాను.

కొత్త లెక్క మొదలైన రోజు తెల్లవారగానే ఫ్యాక్టరీకి వెళ్ళి మూతలు ఎత్తి చూశాను. ఏమి చూద్దామనో. అదే పొగ, అదే చలి. కానీ ఆ చలిలో నిలబడి ఎక్కడో రాయలసీమలో, నేనెప్పుడూ చూడని ఎర్రనేల మీద, ఎండని పట్టుకోవడానికి వాల్చిపెట్టిన అద్దాల పొలాల్ని చూశాను. కొండ నెత్తిన తిరుగుతున్న పెద్ద పెద్ద రెక్కల్ని చూశాను. అక్కడ నడినెత్తిన మండిన ఎండ ఇన్ని ఊళ్ళు దాటి, ఇన్ని స్తంభాల మీదుగా నడిచి వచ్చి, నా తొట్టిలో దిగి, మంచుగడ్డయి పడుకుంది. రేపు బోటు అడుగున ఊకలో పడుకుని సముద్రం మీదికి వెళ్తుంది. ఎండ చేపల మధ్య నిద్రపోతుంది. ఇదంతా అబద్ధమని, నాది బావినీళ్ళ కరెంటేనని తెలుసు. తెలిసినా చాలాసేపు మూత దించలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నేను కొట్లవాణ్ణి. పైన ఇస్తున్నదానికి ఏదో ఒకటి రాబట్టకపోతే నిద్రపట్టదు. ఐసు ధర పెంచితే బోట్లు పక్క ఫ్యాక్టరీకి పోతాయి. కనీసం పేరన్నా రావాలి కదా. నీలం రంగు రేకు మీద పసుపు అక్షరాలతో "ఎండ కరెంటుతో తయారైన ఐసు" అని రాయించి గేటు మీద కట్టించాను. బోర్డెందుకండీ అంది మా ఆవిడ. దానికి రంగు ఖర్చు ఒక్కటే, రేకు పాతదే అన్నాను, ఆవిడ అడిగింది అదే అయినట్టు.

బోర్డు చూసి హార్బరు మొదట నవ్వింది. ఎండతో ఐసు చేస్తే రేపు వానతో దోసెలు పోస్తావా అన్నారు. నవ్వు మంచి ప్రకటనే అనుకున్నాను. తర్వాత ఒక బోటు వచ్చింది. దాని డ్రైవరు నా దగ్గరే ఏళ్ళ తరబడి ఐసు తీసుకునే మనిషి, నన్ను బావా అంటాడు. సముద్రం మీదికి వెళ్ళొచ్చిన ఆ తిరుగుడులో అడుగున పెట్టిన చేప మెత్తబడిపోయి వేలంలో సగానికి సగం ధర పలికింది. ఆయన నేరుగా నా ఫ్యాక్టరీకి వచ్చి, అప్పుడే బయటికి తీసిన దిమ్మ ముందు గొంతుక్కూర్చుని, మధ్యనున్న తెల్లమబ్బు మీద వేలు పెట్టాడు.

"ఇదేటి బావా? ఎండ. నోపల కూకుంది. పైకి సల్లగుంటాది, కడుపులో కాలతంటాది. బేగి కరిగిపోకేటవుద్ది?"

ఆ మబ్బు ప్రతి ఐసు దిమ్మలోనూ ఉంటుందని, పక్క ఫ్యాక్టరీ దాంట్లోనూ ఉందని, మీ తాత కొన్న దాంట్లోనూ ఉండేదని చెప్పాను. గాలి బుడగలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇన్నాళ్ళూ ఆ మబ్బుని ఎవరూ చూడలేదు. చూడమని బోర్డు కట్టి చెప్పింది నేనే. ఎండతో చేసిందని నేనే చెప్పాక, లోపల తెల్లగా మెరుస్తున్నది ఎండ కాదంటే ఎవరు నమ్ముతారు? నేను కూడా మూతలెత్తి అదే కదా చూసుకున్నాను.

మాట హార్బరు అంతా పాకింది. ఎండ ఐసు ఆగదు. వారం తిరిగేసరికి నా గేటు ముందు ఆగే, బోట్లకి ఐసు మోసే రిక్షాలు పక్క ఫ్యాక్టరీ ముందు ఆగడం మొదలుపెట్టాయి. గదిలో దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఊక కప్పి ఉండిపోయాయి. వాటిని అలా ఉంచడానికి ఇంకా కరెంటు, దాని మీద ఇంకా పైన. వెనక్కి తగ్గడం ఎంత సులువో నాకు తెలుసు. బోర్డు దించితే చాలదు, ఆఫీసులో మానేశానని చెప్పి ఆ కాగితం చూపిస్తే తప్ప వీళ్ళు నమ్మరు. మానేస్తే బోట్లు వస్తాయి. కానీ ఇన్నేళ్ళలో ఒక్కటి అడిగిన మనిషికి నేనే పైన వేసి ఇచ్చిన మాట పోతుంది. ఇంట్లో ఈ సంగతేమీ చెప్పలేదు. అమ్మకాలు ఎలా ఉన్నాయని ఆవిడ అడిగితే, బోట్లు తక్కువ వెళ్తున్నాయి, అల్పపీడనం అన్నాను. ఆకాశం నీలంగా, నిర్మలంగా, నన్ను వెక్కిరిస్తున్నట్టు ఉంది.

ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఒక్కణ్ణే కూర్చుని ఉత్తరం రాశాను. అయ్యా, కొన్ని ఇబ్బందుల వల్ల ఎండ కరెంటు పథకం నుంచి తప్పుకుంటున్నాను, దయచేసి మామూలు లెక్కకి మార్చగలరు. కింద సంతకం, తారీఖు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. రెండురోజులు జేబు బరువుగా ఉంది. మర్నాడు పొద్దున ఇచ్చేద్దామనుకున్నాను.

ఆ పొద్దున్నే అప్ప వచ్చింది. అప్ప అంటే అక్కే, కానీ నా సొంత అక్క కాదు. హార్బరులో చేపలు కొని బుట్టతో అమ్ముకునే పెద్దావిడ, అందరం అలాగే పిలుస్తాం. రోజూ నా దగ్గర బుట్టకి సరిపడా చితక్కొట్టిన ఐసు కొని, పిడికెడు కొసరు తనే తీసుకుంటుంది. నేను వేస్తే వేళ్ళ సందుల్లోంచి జారుతుందని ఆవిడకి మొదటిరోజే తెలిసిపోయింది. ఆరోజు ఆవిడ ఐసు కొనలేదు.

"నీ ఐసు నా బుట్టలో ఉందంటే కొనేవోళ్ళు సేప నొక్కి నొక్కి సూస్తన్నారు బాబూ. ఇదేటో తేలిపోవాల. పక్కోళ్ళదో దిమ్మ, నీదో దిమ్మ పక్కపక్కనెట్టు. అందరూ సూస్తారు" అంది.

ఉత్తరం ఇంకొక్కరోజు ఆగుతుందనిపించింది. ఒప్పుకున్నాను. మర్నాడు వేలం అయిపోయాక అని నిర్ణయించారు. ఇక ఇక్కడ నా గొప్పతనం ఒకటి చెప్పుకోవాలి. ఆరోజే ఆ వేళకి జెట్టీ మీదికి వెళ్ళి, వేలం షెడ్డు నీడ ఎటు నుంచి ఎటు జరుగుతుందో నిలబడి చూసుకున్నాను. ఎడమవైపు పలకల మీదికి నీడ ముందు వస్తుంది. నా దిమ్మ అక్కడ పెట్టాలి.

మర్నాడు జనం మూగారు. బోటు డ్రైవరు పక్క ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెప్పించాడు. నేను నాది తెప్పించి, ఏమీ ఎరగనట్టు ఎడమవైపు పెట్టమన్నాను. అప్ప నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూసింది.

"నిన్న ఇదే టయానికి ఇక్కడ నీడ కొలుసుకుంటన్నావు. నాను సూడలేదనుకున్నావేటి?"

జనం నవ్వారు. రెండు దిమ్మల్నీ మోయించి, ఏ నీడా రాని జెట్టీ నడుమన, పక్కపక్కన పెట్టించింది. ఏది ఎవరిదో తెలియడానికి తెగిన వలలోంచి నీలం దారం ఒకటి లాగి నా దిమ్మ చుట్టూ కట్టింది.

ఆ తర్వాత జరిగింది ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. ఐసు అమ్ముకునే నేను అన్నేళ్ళలో ఐసు కరగడం ఒక్కసారీ కూర్చుని చూడలేదు. మాకు కరగడమంటే నష్టం, చూడకూడనిది. ఆరోజు చూశాను. మొదట అంచులు మెత్తబడ్డాయి. తర్వాత దిమ్మల ఒళ్ళంతా చెమర్చి, ఆ తడిలో ఆకాశం, తెరచాప కొయ్యలు, తలకిందులుగా కాకులు కనిపించాయి. లోపలెక్కడో టిక్కుమని చిన్న చప్పుడు, ఎముక విరుచుకున్నట్టు. నీలం దారం తన వేడికి తనే ఐసులోకి దిగిపోతూ, గాజులోపల సన్నటి నదిలా నిలిచింది. మనుషులు వచ్చారు, కూర్చున్నారు, వలలు తెచ్చుకుని అక్కడే బాగుచేసుకున్నారు. ఎవరో టీ తెచ్చారు. పిల్లి ఒకటి వచ్చి రెండు దిమ్మలనీ సమానంగా నాకి వెళ్ళింది. నాలుకకి ఏ తేడా తెలియలేదని నేను జనానికి చూపించాను. పిల్లి సాక్ష్యం చెల్లదన్నారు.

ఎండ నడినెత్తికి వచ్చింది. రెండిట్లోనూ పక్కలు కరిగిపోయి నడిమి మబ్బులు బయటపడ్డాయి. రెండు మబ్బులు, ఒకటే తెలుపు. డ్రైవరు దగ్గరికి వచ్చి, వంగి, ఒకదాన్నీ రెండోదాన్నీ చాలాసేపు చూశాడు. అప్పుడే, జనం వెనక, క్యారేజీ పట్టుకుని మా ఆవిడ నిలబడి ఉండడం చూశాను. ఫ్యాక్టరీలో లేనని చెబితే వెతుక్కుంటూ వచ్చినట్టుంది. ఎవర్నో అడిగింది, వాళ్ళు చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆవిడ ఐసు వైపే చూసింది, నా వైపు చూడలేదు.

దిమ్మలు ఇటుకలంతయ్యాయి, తర్వాత సబ్బుబిళ్ళలంత. రెండిటి నీళ్ళూ ఎప్పుడో కలిసిపోయి ఒకటే పాయగా జెట్టీ అంచుకి పారి సముద్రంలో పడుతున్నాయి. చివరికి ఒక ఊపిరి తీసి వదిలేంతలో రెండూ లేవు. తడి పలక మీద నీలం దారం ఒక్కటి మిగిలింది, ఎవరిదీ కానట్టు.

రెండూ ఒకటేనని అందరూ ఒప్పుకున్నారు. నేను లేచి పంచె దులుపుకుని, నెగ్గినవాడి మొహం ఒకటి తయారుచేసుకుంటున్నాను. అప్పుడు అప్ప అడిగింది.

"రెండూ ఒకటే అయితే నువ్వు పైన ఎందుకిస్తన్నావ్ బాబూ?"

అందరూ నా వైపు తిరిగారు. ఇంజనీరమ్మ చెప్పిన బావి నా నాలుక చివర ఉంది. చేదలూ నీళ్ళూ అన్నీ చెప్పగలను. కానీ ఆ బావి వెనకాల మా ఆవిడ క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది.

"కొసరు అప్పా" అన్నాను.

"ఎవులికి?"

"మా ఆవిడకి. వాళ్ళూరి మీద పొగ తగ్గాలని అడిగింది."

పొగగొట్టాలు ఎటున్నాయో తెలిసిన ఒకరిద్దరు అటు చూశారు కూడా, ఇక్కడి నుంచి కనిపించకపోయినా. తర్వాత డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"మా ఆడది ఏదైనా అడిగితే నాను బోటేసుకుని ఎల్లిపోతాను బావా. నీకు బోటు కూడా లేదు, పాపం."

ఆ నవ్వులో నేనూ కలిశాను. నవ్వు సద్దుమణిగాక ఆయన నెమ్మదిగా, ఆ తిరుగుడులో టూనా వెంటపడి రెండురోజులు ఎక్కువే ఉండిపోయామని ఒప్పుకున్నాడు. రేపటి నుంచి రిక్షా పంపుతానన్నాడు. "ఆ బోర్డు మాత్రం తీసీ. మావోళ్ళు సదవరు గానీ నమ్ముతారు" అన్నాడు. తీసేస్తానన్నాను. ఒక్కమాటకి ఒప్పుకోవడం నాకే కొత్తగా ఉంది.

అప్ప మా ఆవిడని దగ్గరికి పిలిచి, బుట్టలోంచి రెండు గుప్పెళ్ళ చిన్నరొయ్యలు తీసింది. డబ్బులు వద్దంది, ఇది నా కొసరు అంది. ఆకు లేదు, సంచి లేదు. అటువంటప్పుడు నా చేతులు నన్ను అడగవు. కొట్లో పుట్టినవాడి చేతులు అవి. జేబులో తగిలిన కాగితం తీసి, మడతలు విప్పి, రొయ్యలు పోసి, అంచులు దోపి, పలక మీది నీలం దారంతో రెండు చుట్లు చుట్టి ముడేసి, పొట్లం మా ఆవిడ చేతిలో పెట్టాను. అంత చక్కటి పొట్లం నేను కట్టి చాలా ఏళ్ళయింది. ముచ్చటేసింది.

ఏ కాగితంతో కట్టానో ఆ సాయంత్రం వంటింట్లో ఆవిడ ముడి విప్పుతున్నప్పుడు గుర్తొచ్చింది. నేను గుమ్మంలో ఉన్నాను. పరిగెత్తి లాక్కోవడానికి మూడడుగుల దూరం. గుమ్మం పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. ఆవిడ రొయ్యల్ని గిన్నెలోకి ఒంపి, తడిసి పారదర్శకమైన ఉత్తరాన్ని వెలుతురుకి పట్టుకుంది. సిరా కొంచెం పాకింది కానీ అక్షరాలు పోలేదు. కొన్ని ఇబ్బందుల వల్ల, అన్నదాకా పెదాలు కదిలించి చదివింది. సంతకం చూసింది. తారీఖు చూసింది. జెట్టీ మీద నేనన్న మాట కన్నా అది ముందుదని ఆవిడకి అర్థమైందని నాకు అర్థమైంది.

నేను అల్పపీడనం గురించి ఏదో మొదలుపెట్టాను. ఆవిడ వినలేదు. ఉతికిన బట్టల బకెట్టు ఒక చేత్తో, ఆ కాగితం ఒక చేత్తో పట్టుకుని మేడ ఎక్కింది. వెనకాలే నేనూ ఎక్కాను. పొద్దు సింహాచలం కొండ వెనక్కి దిగుతోంది. వెలుతురు ఐసులోంచి వచ్చినట్టు, అంచుల్లో గాజులా, నడుమన పాలలా ఉంది. ఆవిడ ఉత్తరాన్ని తీగ మీదుగా మడిచి, గుప్పిట్లో పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసదాకా నెమ్మదిగా నడిచింది. తడికాగితం తీగని గట్టిగానే తుడిచింది. ఆ కొసన ఆగి, విప్పి, మొదటిసారి నాకు చూపించింది. నా అక్షరాల మీదుగా, సంతకం మీదుగా, సన్నటి బూడిదరంగు గీత.

"ఇంకా ఉందండీ" అంది. "ఏడాది సాలదు."

నేను తీగ రెండో కొస పట్టుకుని నిలబడ్డాను. రెండేళ్ళకి కలిపి ఒకేసారి ఇస్తామంటే పైన ఏమైనా తగ్గిస్తారేమో, ఆ ఇంజనీరమ్మని అడిగి చూస్తానన్నాను. ఆవిడ బకెట్లోంచి నా తెల్లచొక్కా తీసి, దులిపి, తీగ మీద వేసింది.